ఆదరణ కూడిక

మనిషి పోయిన కొద్ది రోజులకు తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఒక కూడిక జరుగుతుంది. ముందుగదిలో చాపలు పరుస్తారు, చోటు చాలకపోతే వాకిట్లో షామియానా వేస్తారు. పాస్టరుగారు, సంఘపెద్దలు, స్త్రీల సమాజం వాళ్లు, ఇరుగుపొరుగు అంతా వస్తారు. దాన్నే ఆదరణ కూడిక అంటాం. గంట, గంటన్నరలో ముగిసే ఆచారంలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అది శ్రద్ధగా నేర్చుకోవలసిన విద్య.

ఆ విద్యకు బైబిల్లో పెద్ద గురువు బర్నబా. అసలు పేరు యోసేపు, కుప్ర ద్వీపంవాడు. అపొస్తలులు పెట్టిన పేరుకు మన బైబిలు ఇచ్చిన అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’. ఈనాడు హెచ్చరిక అంటే బెదిరింపులా వినిపిస్తుంది. అక్కడ మాత్రం ధైర్యం చెప్పి నిలబెట్టడమని అర్థం. నిన్నటిదాకా సంఘాన్ని హింసించిన సౌలును చూసి యెరూషలేము శిష్యులు భయపడుతుంటే, అతన్ని వాళ్ల దగ్గరికి తోడ్కొని వెళ్లింది బర్నబాయే. ఆ సౌలే పౌలయ్యాక, ఒకసారి ప్రయాణం మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కును మళ్లీ తీసుకెళ్లనన్నాడు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కాడు. చాలా ఏళ్లకు ఆ మార్కునే తీసుకురమ్మని, అతడు తనకు ఉపయోగపడతాడని పౌలు తిమోతికి రాసిన పత్రికలో ఉంది. బర్నబా ఒక్కడి పేరుమీద ప్రసంగపాఠమేదీ అపొస్తలుల కార్యాల్లో లేదు. ఎవరి పక్కన నిలబడ్డాడో మాత్రం ఉంది.

కూడికలో ముందు మాట ఉండదు, పాట ఉంటుంది. ఇందులో గొప్ప తెలివి ఉంది. దుఃఖంలో ఉన్న మనిషికి మాట పెగలదు, కానీ చిన్నప్పటినుంచి విన్న కీర్తన పల్లవికి పెదవులు వాటంతటవే కదులుతాయి. మధ్యలో గొంతు పూడుకుపోయినా పక్కవాళ్లు పాటను ఆగనివ్వరు. చరణం అయ్యాక పల్లవి మళ్లీ వస్తుంది, అప్పుడు కలవవచ్చు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు మన రాగాల్లో, తాళాల్లో కీర్తనలు కట్టడంవల్లే ఇది సాధ్యమైంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ పాటల మీద రాగం, తాళం పేర్లు ఉంటాయి.

తర్వాత వాక్యం. 23వ కీర్తన, యోహాను సువార్త 14వ అధ్యాయం, థెస్సలొనీకయుల మొదటి పత్రిక 4వ అధ్యాయం ఎక్కువగా చదువుతారు. పౌలు ఆ పత్రికలో ఏడవవద్దని చెప్పలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దన్నాడు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీరు పెట్టుకున్నాడు. అందుకే, ‘విశ్వాసులు ఏడవకూడదమ్మా’ అనే మాటను నేను ఒప్పుకోను. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ‘ప్రార్థన చాలలేదేమో’ అనడం మరీ క్రూరం. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనంగా నేలమీద కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే చెడిపోయారు.

అన్నిటికన్నా బలమైనది సాక్ష్యం. తాను పొందిన ఆదరణతోనే మనిషి ఇంకొకరిని ఆదరించగలడని కొరింథీయుల రెండో పత్రిక మొదట్లోనే పౌలు చెప్పాడు. ముందే భర్తను పోగొట్టుకున్న ఒక అక్క లేచి, ‘మొదటి ఏడాది నాకూ తెల్లవారేది కాదు వదినా’ అంటే చాలు, ఆ ఇంటి ఇల్లాలు తలెత్తి చూస్తుంది. ప్రార్థన కూడా అంత దగ్గరగా ఉండాలి. పిల్లల పరీక్షలు, తీరని అప్పు, ముసలమ్మ మందులు పేరుపేరునా ఎత్తి ప్రార్థిస్తే ఆ ఇంటివాళ్లకు తమ బరువు మరొకరు కూడా మోస్తున్నారని తెలుస్తుంది.

షామియానా విప్పాక అసలు కష్టం మొదలవుతుంది. మూడో నెలకు ఫోన్లు తగ్గిపోతాయి, పండగ వస్తుంది, పోయిన మనిషి కుర్చీ ఖాళీగా ఉంటుంది. మీ సంఘంలో ఈ ఏడాది ఆదరణ కూడిక జరిగిన ఇల్లు ఏదో మీకు తెలుసు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, కీర్తనల పుస్తకం చేతపట్టుకుని ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రండి.