పింజారీ అనే తిట్టు

'పింజారీ వెధవ' అని తెలుగు సినిమాలో విలన్ తిడతాడు, హాస్యనటుడూ తిడతాడు. హాలంతా నవ్వుతుంది. పింజారీ అంటే ఏమిటని నవ్వినవాణ్ణి అడిగి చూడండి. పనికిమాలినవాడు అంటాడు. కాదు, అది కులం పేరు. విల్లుతో పత్తి ఏకి, ఊరందరికీ పరుపులూ దిండ్లూ కుట్టిపెట్టిన ముస్లింల పేరు. దూదేకుల, లద్దాఫ్, నూర్‌బాషాలతో పాటు ఆ పేరు కూడా బి.సి. జాబితాలో, బి గ్రూపులో ఉంది. ఊరికి మెత్తటి పడక ఇచ్చినవాడి పేరు ఊరి నోట తిట్టయింది!

బుర్రకథ అనగానే గుర్తొచ్చే షేక్ నాజర్‌ది ఈ కులమే. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఆయన గొంతునీ అభినయాన్నీ మనవాళ్ళు ఎంతైనా పొగుడుతారు. ఆ పేరెందుకు పెట్టుకున్నాడన్న దగ్గర మాత్రం చాలామంది ఆగరు.

'మాకు ముస్లింలంటే ద్వేషం లేద'ని సెక్యులర్ మిత్రులు అంటారు. నిజమే చెబుతున్నారు. కాని ఈ తిట్టుకు ద్వేషంతో పనిలేదు, అలవాటు చాలు. మనిషికే తెలియని ఇలాంటి మొగ్గును కొలవడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ఒక పరీక్ష తయారు చేశారు. దాని ఫలితాలను ఎంతవరకు నమ్మాలన్న వాదన ఇంకా నడుస్తోంది. మన విషయంలో అంత దూరం పోనక్కర్లేదు, సినిమా డైలాగులు వింటే చాలు.

ఇంత చెప్పాక మన ఇళ్ళ సంగతి దాచడం న్యాయం కాదు. 'తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా' అన్న సామెతకు ఉర్దూ మాట్లాడే సాయిబులు కూడా హాయిగా నవ్వుతారు. చాలామంది దూదేకులవాళ్ళకు ఇంటి భాష తెలుగు. ఉర్దూ రాదు కనుక వాళ్ళు అసలు ముసల్మానులే కారని షరీఫుల ఇళ్ళల్లో ఒక గొణుగుడు. అటు తెలుగువాళ్ళేమో వాళ్ళ తెలుగు విని 'మీరు సాయిబుల్లా లేరే' అని మెచ్చుకుంటారు. ఈ ఈసడింపుకీ ఆ మెచ్చుకోలుకీ కొలబద్ద ఒకటే. ముస్లిం అంటే ఉర్దూ, తెలుగు అంటే హిందువు. మధ్యలో నిలబడ్డవాడు ఇద్దరికీ సంజాయిషీ చెప్పుకోవాలి.

మైనారిటీగా మనం అడుగుతున్న గౌరవంలో అతని వాటా ఎంత? దావత్‌లో పక్కన కూర్చోబెట్టుకుంటాం, జమాత్‌లో భుజం కలిపి నిలబడతాం. పిల్లనిచ్చే మాట వచ్చినప్పుడు మాత్రం, 'వాళ్ళు నూర్‌బాషాలు కదా' అని గొంతు తగ్గుతుంది.