వృత్తిపదం – ఇంటిపదం: నెల్లూరు తీరం నేపథ్యంలో వాస్తు పదకోశ పరిశీలన

తెలుగు నిఘంటు చరిత్రలో మాండలిక వృత్తిపదకోశం ఒక మలుపు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల సంపుటి, బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో 1968లో వాస్తు పదాల సంపుటి వెలువడ్డాయి. ‘శబ్దరత్నాకరం’ (1885) వంటి నిఘంటువులకు కావ్యప్రయోగం ప్రమాణం కాగా, ఈ సంపుటాలకు పనిచేసేవారి వాడుక ప్రమాణం. వాటి ప్రామాణికత నిర్వివాదం. అయితే ‘మండలం’, ‘వృత్తి’ అనే రెండు కొలమానాలు ఇంటి పదజాలాన్ని ఎంతవరకు కొలవగలవన్నది ఇక్కడ విచార్యం.

మొదటిది మండలం. పదాల వ్యాప్తిని ఆధారం చేసుకొని కృష్ణమూర్తి తెలుగును నాలుగు భాషామండలాలుగా విభజించారు. అందులో నెల్లూరు రాయలసీమతో పాటు దక్షిణ మండలంలో చేరింది. వ్యవసాయ పదాల విషయంలో ఈ విభజన సమంజసమే. ఇంటి కప్పు విషయంలో మాత్రం అదే మండలం రెండుగా చీలుతుంది. వాన తక్కువైన సీమలో దూలాల మీద దంతెలు పరిచి, పైన చవుడు మట్టి కప్పిన బల్లపరుపు మిద్దె సంప్రదాయం. ఈశాన్య రుతుపవనాల వాన, సముద్రపు గాలి కలిసి వచ్చే నెల్లూరు తీరంలో తాటాకు, రెల్లు కప్పిన ఏటవాలు పూరిల్లు సంప్రదాయం. మిద్దెకు వెన్నుదూలం, చూరు అవసరం లేదు. పూరింటికి చవుడుతో పనిలేదు. ఒకే మాండలికం మాట్లాడేవారు వేర్వేరు వస్తువులకు పేర్లు పెట్టుకున్న సందర్భమిది. కనుక ఒక పదం ఒకచోట లేకపోవడం భాషాభేదమా, వస్తుభేదమా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

రెండవది వృత్తి. వడ్రంగి, తాపీ పనివాడు కట్టే ఇంటికి వృత్తిపదాలుంటాయి. తీరంలోని యానాదుల గుడిసె, మత్స్యకారుల పాక ఎక్కువగా నివసించేవారి చేతుల్లోనే లేస్తాయి. అక్కడ కట్టేవాడు, కాపురముండేవాడు ఒక్కడే. అటువంటి ఇంటి మాటలు వృత్తిపదాలు కావు, ఇంటిపదాలు. వృత్తిని ప్రమాణంగా తీసుకున్న సేకరణకు ఇవి సహజంగానే అంచున మిగులుతాయి. వృత్తిగా గుర్తింపు లేని నైపుణ్యానికి కోశంలోనూ చోటు ఇరుకవుతుంది. పేదవాడి ఇల్లు వాస్తువు కింద లెక్కకు వస్తుందా అన్న ప్రశ్న ఈ పద్ధతిలోనే దాగి ఉంది.

ఈ పరిమితి నేడు మరింత ముఖ్యమైంది. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుఫానులు పూరికప్పు ఎంత బలహీనమో చూపాయి. కాంక్రీటు ఇల్లు సుఖానికే కాక ప్రాణరక్షణకూ అవసరమైంది. ఆ మార్పు పదజాలాన్ని అంతటా సమానంగా తాకలేదు. పునాది, గోడ, గడప, గుమ్మం అలాగే నిలిచాయి. కప్పు మాటలే మారాయి. పూరింటి బరువు వాసాల నుంచి వెన్నుదూలానికి, అక్కడి నుంచి నిట్రాటకు, నిట్రాట నుంచి నేలకు దిగుతుంది. కొత్త ఇంట్లో అదే బరువు శ్లాబు నుంచి బీముకు, బీము నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి పునాదికి దిగుతుంది. బరువు నడిచే క్రమం దాదాపు ఒకటే, పేర్లు వేరు. అయినా భాష పూర్తిగా చేతులెత్తేయలేదు: శ్లాబు అంచున లేచే పొట్టిగోడకు ‘పిట్టగోడ’ అన్న చక్కని పేరు స్థిరపడింది.

కప్పు మాటలు పోతే నష్టం వడ్రంగానికే పరిమితం కాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం, చూరు పట్టుకు వేలాడటం వంటి జాతీయాలు పూరింటి నిర్మాణం నుంచి పుట్టినవి. నేల మీద పడుకొని పైకి చూస్తే వాసాలు కనిపించే ఇంట్లోనే మొదటి జాతీయంలోని కృతఘ్నత దృశ్యమవుతుంది. శ్లాబు కింద పెరిగిన పాఠకుడికి అర్థం తెలుస్తుంది గాని బొమ్మ కనబడదు.

అందువల్ల వాస్తు పదకోశానికి కొనసాగింపు చేపట్టేవారు అకారాది క్రమంతో పాటు ఇంటి రకాన్ని, బరువు నడిచే క్రమాన్ని కూడా ఆరోపాలలో చూపవలసి ఉంది. పనివారితో పాటు ఇల్లు కట్టుకున్న స్త్రీపురుషులనూ వక్తలుగా స్వీకరించాలి. నిట్రాట నిలబెట్టిన తరం ఇంకా ఉన్నప్పుడే ఈ సేకరణ సాధ్యం. 1968 నాటి సంపుటి వేసిన పునాది గట్టిదే. దాని మీద కప్పు వేయడం మిగిలి ఉంది.