ఆర్వెల్ చూడని నేలమాళిగ

జార్జ్ ఆర్వెల్ పేరు చెప్పగానే మనవాళ్ళకు పందుల రాజ్యమూ, గోడమీంచి చూసే కళ్ళూ గుర్తొస్తాయి. చదివేవాణ్ణి భయపెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అటువంటి మనిషి 1946 ఫిబ్రవరి 9న లండన్ సాయంకాలపు పత్రిక ‘ఈవెనింగ్ స్టాండర్డ్’లో హాయిగా ఒక పబ్బు గురించి వ్యాసం రాసుకున్నాడు. చిన్న వ్యాసం. పేరు ‘ది మూన్ అండర్ వాటర్’, అంటే నీళ్ళ కింద చంద్రుడు. యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు. రేషను కార్డులింకా పోలేదు. ఆ రోజుల్లో ఈయన తీరుబడిగా కూర్చుని తన మనసుకు నచ్చిన పబ్బు ఎలా ఉంటుందో చెప్పుకుంటూ పోతాడు.

బస్సు దిగితే రెండు నిమిషాల నడక. అయినా పక్కవీధిలో ఉంది గనక తాగుబోతులకూ రౌడీలకూ దారి దొరకదు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పాతకాపులే, ఎవరి కుర్చీ వాళ్ళది. బీరు కోసం ఎంత వస్తారో కబుర్ల కోసమూ అంతే వస్తారు. విక్టోరియా కాలపు కట్టడం, చలికాలంలో కణకణలాడే నిప్పు. రేడియో లేదు, పియానో లేదు. అందించే ఆడవాళ్ళు నడివయసువాళ్ళు, వచ్చేవాళ్ళను పేరుపేరునా ఎరుగుదురు. అక్కడే తపాలా బిళ్ళలు దొరుకుతాయి, తలనొప్పి మాత్రలూ దొరుకుతాయి. వెనక పెద్ద తోట. చదివేవాడికి నోరూరి, ఇంతకీ ఏ బస్సెక్కాలి స్వామీ అని అడగబోయే వేళకు అసలు సంగతి బయటపెడతాడు. అలాంటి పబ్బు ఎక్కడా లేదు. పది లక్షణాలకు ఎనిమిది ఉన్నదొకటి ఎరుగునట, అంతే.

ఈ వ్యాసాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ ‘అబ్బ, ఎంత బాగా మోసం చేశాడు’ అనే అనుకున్నాను. ఈమధ్య లీడ్స్ వెళ్ళి, ఒక పాత పబ్బులో ఒక సాయంత్రం కూర్చున్నాక మాత్రం ఆయన కట్టిన ఇంట్లో ఒక గది తక్కువైందని తోచింది. ఆ గది నేలకింద ఉంటుంది. అందుకే కాబోలు ఆయనకు కనపడలేదు.

లీడ్స్ నడిబొడ్డున బ్రిగ్గేట్ అని పెద్ద బజారు. మన అబిడ్స్ లాంటిదనుకోండి. రెండు దుకాణాల మధ్య ఒక సందు, సందులో వైట్‌లాక్స్. 1715లో టర్క్స్ హెడ్ అనే పేరుతో మొదలైంది. సందుకు ఇప్పటికీ ఆ పేరే. 1867లో వైట్‌లాక్ కుటుంబం చేతికి వచ్చింది. 1886లో వాళ్ళు చేయించిన మార్పులే ఇప్పటికీ మిగిలాయి: రైలుపెట్టెలాగా పొడుగాటి గది, బారు బల్ల ముందు వైపంతా రంగురంగుల పింగాణీ పలకలు, గోడలకు నిలువుటద్దాలు, ఇత్తడి మెరుపులు. కవి జాన్ బెట్జెమన్ మెచ్చిన చోటు. సాయంత్రం ఆరు గంటలకు వెళితే కాలు పెట్టడానికి చోటు లేదు. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు, బజారు సంచులతో వచ్చినవాళ్ళు, రైలుకు ఇంకా అరగంట ఉందని వచ్చినవాళ్ళు.

అక్కడున్న మా మేనల్లుడు ముందే హెచ్చరించాడు. “మావయ్యా, ఇది మనవాళ్ళ బీరులా చిల్లున ఉండదు. నురగలు కక్కదు. మొహం చిట్లించకు, పరువు పోతుంది.”

బల్ల వెనకున్న పెద్దావిడ “ఏం కావాలి, లవ్?” అంది. ఈ వయసులో నన్నొక పరాయి స్త్రీ నలుగురిలో అలా పిలవడంతో ఉలిక్కిపడ్డాను. యార్క్‌షైర్‌లో అది మన ‘బాబూ’, ‘నాయనా’ కింద లెక్కట. పాల ప్యాకెట్టు కొన్నా అదే పిలుపు. ఆర్వెల్ గారు తన పబ్బులో వడ్డించే ఆడవాళ్ళు ఏమని పిలవాలో, ఏమని పిలవకూడదో కూడా నిర్ణయించాడు. ఆయన లీడ్స్‌లో ఏమయ్యేవాడో!

ఆవిడ చేతిపిడి పట్టుకుని నిదానంగా లాగింది. మన ఊళ్ళో బోరింగు కొట్టినట్టే. ఒక లాగుకు సగం గ్లాసు, ఇంకో లాగుకు నిండా. గ్యాసు లేదు, కరెంటు లేదు. మనిషి చెయ్యే కింద పీపాలో ఉన్నదాన్ని పైకి తెస్తుంది. రాగిరంగు, పైన వేలెడు నురగ. ఆ నురగ కోసం ఉత్తరాదివాళ్ళు గొట్టం మూతికి చిల్లుల బిళ్ళ ఒకటి బిగిస్తారు. దక్షిణాదివాళ్ళు దాన్ని చూసి ముక్కు విరుస్తారు. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నలాంటి తగువు, మనం తలదూర్చకూడదు.

తాగాను. సగం పైంటే లెండి. చేదు ముందు వచ్చి, ఆనక రొట్టె కాల్చిన వాసన, చివర్న ఎక్కడో పండు పులుపు. చల్లగా లేదు, వెచ్చగానూ లేదు. కుండలో నీళ్ళంత చల్లదనం. ఇదా ఇంత గొడవ అనుకుంటూనే గ్లాసు ఖాళీ చేశాను.

ఇంత గొడవ ఎందుకో తర్వాత తెలిసింది. రియల్ ఏల్ అన్నది తయారై వచ్చే సరుకు కాదు, తయారవుతూ వచ్చే సరుకు. పీపాలో ఈస్టు బతికే ఉంటుంది. పబ్బు నేలమాళిగకు చేరాక కూడా అది పులుస్తూనే ఉంటుంది. చేప తిత్తి నుంచి తీసిన జిగురు వేస్తే మడ్డి అడుక్కు దిగి తేరుకుంటుంది. పీపా పైనున్న కన్నంలో మెత్తటి చెక్కమేకు కొడితే లోపలి గాలి మెల్లగా వదులుతుంది, గట్టి మేకు కొడితే ఆగుతుంది. ఏది ఎప్పుడు కొట్టాలో నేలమాళిగ చూసుకునేవాడికి తెలియాలి. అక్కడ వేడి 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. పీపాలోంచి ఒక గ్లాసు తీస్తే ఆ ఖాళీలోకి బయటి గాలి వస్తుంది. గాలి తగిలిన క్షణం నుంచీ దానికి ఆయువు మూడుతున్నట్టే. మూడు రోజులు. మరీ బాగుంటే ఇంకొంచెం.

తాటిచెట్టు కింద పుట్టి పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. పొద్దున దింపిన కల్లు పొద్దున ఒక రుచి, మధ్యాహ్నం ఒక రుచి, సాయంత్రానికి ఇంకేదో. సీసాలో పోసి సీలు వేసి ఢిల్లీ పంపడం కుదరదు. లొట్టి చుట్టూ మనుషులు చేరాల్సిందే గాని, లొట్టి మనుషుల్ని వెతుక్కుంటూ పోలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఫిర్కిన్ అనే చిన్న పీపాలో 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు పడతాయి. మూడు రోజుల్లో చెల్లకపోతే పారబొయ్యాలి. బల్ల మీద అయిదు పిడులుంటే అయిదు పీపాలు, 360 పైంట్లు. పాతకాపులు పాతికమంది వచ్చి, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని తలో రెండు తాగినా పీపాలు ఖాళీ కావు. నాకిది కాగితం మీద తెలియలేదు, నాలుక మీద తెలిసింది. మరో రోజు, ఊరి చివర ప్రశాంతమైన పబ్బులో (పేరెందుకు లెండి) అయిదు పిడులకు నలుగురం ఉన్నాం. నిప్పు రాజుకుంటోంది, రేడియో లేదు, పెద్దాయన ఒకడు పేపరు చదువుకుంటున్నాడు. ఆర్వెల్ చూస్తే పది మార్కులకు తొమ్మిది వేసేవాడు. గ్లాసులో మాత్రం ఉన్నది వెనిగరు. తిరిగి ఇచ్చేస్తే మారు మాటాడకుండా వేరేది పోశారు. అదీ అదే వరస.

పబ్బు ఎందుకు నచ్చిందంటే మొదట బీరు పేరే చెప్పాలి గాని, తనకు ముఖ్యం అక్కడి వాతావరణం అంటాడు ఆర్వెల్. వాతావరణం ఒకటీ, బీరు ఒకటీ, రెండూ రెండు ఖాతాలు. నా పేచీ అంతా ఇక్కడే. పైన జనం లేకపోతే కింద పీపా చస్తుంది. పై గది ఎంతమందికి తలుపు తీసిందో గ్లాసులో రుచి చెబుతుంది. రెండు ఖాతాలు కావవి, ఒకే పద్దుకు రెండు వైపులు.

ఆయన తరవాత వచ్చినవాళ్ళు అవతలి ఒడ్డుకు పోయారు. 1971లో నలుగురు కుర్రాళ్ళు ఐర్లండ్ వెళ్ళి, అక్కడ కెర్రీ ప్రాంతంలో ఒక సంఘం పెట్టుకున్నారు. పెద్ద కంపెనీలు చిన్న బీరుబట్టీలను కొనేసి, ఈస్టును చంపి, వడగట్టి, గ్యాసుతో తోసే కెగ్గు బీరును దేశమంతా పోస్తున్న రోజులవి. ‘రియల్ ఏల్’ అన్న మాట 1973లో ఆ సంఘం పేరులోకి ఎక్కింది. చూడబోతే అది విమర్శకుడి మాట. మనం ‘అసలైన నెయ్యి’ అన్నప్పుడు ఎదుటి దుకాణంలో ఉన్నదాన్ని తిట్టకుండానే తిట్టినట్టు. 1974 నాటి వాళ్ళ గైడు పుస్తకంలో ఒక పెద్ద కంపెనీ సరుకును ప్లేగు జబ్బుతో పోలిస్తే, అచ్చువేసినవాళ్ళు బెదిరి, ఆ ప్రతుల్ని తుక్కు చేయించి మాట మెత్తబరచి మళ్ళీ వేశారు. ఒక్క వాక్యంతో ప్రెస్సును ఆపగలిగిన సమీక్షకులు మనలో ఎంతమంది? అయితే వీళ్ళకు గ్లాసు మీద ఉన్న చూపు గ్లాసు పట్టుకున్నవాడి మీద అంత లేదు.

ఆ పట్టుకున్నవాడెవరో చూడాలి. ఆర్వెల్ పబ్బులో అందరూ ఒకరినొకరు ఎరిగినవాళ్ళే. వినడానికి ఎంతో బాగుంది. ఎరగనివాడు వస్తే? బీహారులోని మోతీహారిలో పుట్టి, బర్మాలో అయిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, తెల్లవాళ్ళ క్లబ్బుల సంగతి కథలుగా ఎండగట్టిన మనిషికి ఈ ప్రశ్న తట్టకపోవడం నాకు వింతగానే ఉంది. ఆయన పోయిన పదిహేనేళ్ళకు, 1965 ఫిబ్రవరిలో, మాల్కమ్ ఎక్స్ అమెరికా నుంచి బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్ వెళ్ళాడు. అక్కడ భారతీయ కార్మికుల సంఘం వాళ్ళతో కలిసి ఒక పబ్బులోకి పోతే, తెల్లవాళ్ళు కూర్చునే గదిలో వీళ్ళకు పోయలేదు. ఫౌండ్రీల్లో ఇనుము కరిగించి దాహంతో వచ్చిన పంజాబీలకు అది ఏనాటి నుంచో అలవాటైన అవమానం. అదే ఏడాది చట్టం వచ్చింది. ఆడవాళ్ళ సంగతి ఇంకా ఆలస్యం. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో పత్రికలవాళ్ళు చేరే ఒక వైన్ బారులో, ఆడవాళ్ళు బల్ల దగ్గర నిలబడి గ్లాసు తీసుకోకూడదన్న నియమం కూలడానికి 1982లో అప్పీలు కోర్టు దాకా పోవలసి వచ్చింది. ఆ గదుల్లో కూర్చున్నవాళ్ళకు మాత్రం వాతావరణం దివ్యంగానే ఉండి ఉంటుంది.

ఆయన్ని మరీ ఏకి పెట్టడం న్యాయం కాదు. వ్యాసంలో తోట ఉంది చూశారూ, అక్కడ ఆయన మనసు తెలుస్తుంది. 1908 చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు బారు గదిలోకి రాకూడదు. అందుచేత తల్లి ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది, తండ్రి ఒక్కడూ తాగొస్తాడు. తోట ఉంటే అంతా కలిసి వస్తారు, పిల్లలు ఆడుకుంటారు. ఆడవాళ్ళనూ పిల్లల్నీ బయటికి నెట్టడం వల్లే పబ్బు తాగుడు కొట్టుగా మారిపోతోందని ఆయన వాదన. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి లేచారే, వాళ్ళు ఈ మాట వింటే ఏమనేవారో! పుస్తె తాకట్టు పెట్టించిన సారాకూ, కుటుంబంతో కూర్చుని తాగే సగం పైంటుకూ పోలికేమిటని కసిరేవారేమో. నాకైతే దూబగుంటా, ఆర్వెల్ తోటా ఒకే రోగాన్ని పసిగట్టినట్టు కనిపిస్తాయి. ఇంట్లోవాళ్ళ కళ్ళు పడని చోటే అక్కడ సారాకొట్టు, ఇక్కడ చీకటి పబ్బు.

వైట్‌లాక్స్‌కు తోట లేదు. ఆ సందే దాని తోట. వరసగా బల్లలు వేశారు, చలికి కోట్లు బిగించుకుని మరీ కూర్చున్నారు. మా బల్ల మీద ఒక నర్సు, ఆమె తల్లి, ఎవరో తెలియని కుర్రాడొకడు, మేమిద్దరం. మళ్ళీ జన్మలో కలుసుకోం. ఊరి నడిబొడ్డున ఉండడం వల్ల పాతకాపులకంటే దారిన పోయేవాళ్ళే ఎక్కువ. ఆర్వెల్ తన పబ్బును పక్కవీధిలో దాచింది ఇటువంటివాళ్ళు రాకూడదనే. పీపాను బతికిస్తున్నది వీళ్ళే.

మాటగా చూస్తే ఆ వ్యాసం ఇప్పటికీ నాకు ఇష్టమే. లేనిదాన్ని ఇంత నమ్మకంగా చూపించి, చివర్న చెయ్యి విదిలించుకున్న రచన అరుదు. ఆ పేరును ఒక పెద్ద కంపెనీ ఎత్తుకుపోయి తన పబ్బులు కొన్నింటికి తగిలించింది. ఆయన తిట్టిన సంగతులు కొన్నీ, మెచ్చినవి కొన్నీ వాటిలో కలగాపులగంగా ఉన్నాయి. ఆయన ఊహించి ఉండడు.

గ్లాసు తిరిగి ఇవ్వడానికి లోపలికి వెళ్ళాను. పెద్దావిడ నేను తాగిన ఏల్ పిడి లాగింది. గొట్టం గుటకలు వేసి గాలి కక్కింది. పీపా అయిపోయింది. ఆవిడ పిడిమీదున్న బిళ్ళను వెనక్కి తిప్పి, నేలమాళిగలో ఉన్నవాడికి వినపడేలా ఏదో కేక వేసింది. నా వెనక నిలబడ్డాయన అయ్యో అన్నాడు. “రేపు కొత్తది పెడతాం, లవ్” అంది ఆవిడ, మా ఇద్దరిలో ఎవరితోనో.