మైదానం పనీ, పియానో వాయింపూ

షికాగోలో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టుకు కొమిస్కీ పార్క్ అనే మైదానం ఉండేది. 1925 నుంచి పాతికేళ్ల పాటు దాని బాగోగులు చూసుకున్న పనివాళ్లలో జిమ్మీ యాన్సీ ఒకడు. బూగీ ఊగీ అనే బ్లూస్ పియానో శైలికి పెద్దదిక్కూ ఆయనే. చాలామంది ఈ మైదానం పనిని జాలికథ చేసేస్తారు. యాన్సీ మీద ఈ పుస్తకం రాసిన యువకుడు అలా చెయ్యలేదు. పగటి కూలీనీ రాత్రి సంగీతాన్నీ ఒకే మనిషి బతుకుగా చూశాడు. అందుకే ఈ నాలుగు మాటలూ మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

చిన్నతనంలో యాన్సీ పాడుతూ, ట్యాప్ డ్యాన్స్ చేస్తూ వాడెవిల్ అనే వినోద ప్రదర్శనల బృందాలతో యూరప్ దాకా వెళ్లాడు. 1915 ప్రాంతంలో షికాగోలో స్థిరపడ్డాడు. పుట్టింది 1894లోనా, 1898లోనా అన్న తగవును రచయిత తీర్చబోలేదు. ఉన్న ఆధారాలు మన ముందు పెట్టి ఊరుకున్నాడు. ఈ వయసులో అంత నిగ్రహం అరుదు.

అద్దె పార్టీల అధ్యాయం నన్ను కట్టిపడేసింది. షికాగో సౌత్ సైడ్‌లో నల్లజాతి కుటుంబాలవాళ్లు అద్దెకు డబ్బు చాలనప్పుడు ఇంట్లోనే పాటా ఆటా పెట్టి, వచ్చినవాళ్ల దగ్గర కొద్దిగా రుసుము తీసుకునేవారు. యాన్సీ వాయించింది అలాంటి ఇళ్లలో. ఆయన్ను విని నేర్చుకున్నవాళ్లలో ఆల్బర్ట్ ఆమన్స్, మీడ్ లక్స్ లూయిస్ అనే పియానిస్టులు ఉన్నారు. లూయిస్ 1936లో ‘యాన్సీ స్పెషల్’ రికార్డు చేశాడు. గురువు తన సొంత రికార్డు ఇచ్చింది 1939లో, సోలో ఆర్ట్ అనే చిన్న కంపెనీకి. ఆ ఏడే విక్టర్ కంపెనీకి ‘స్టేట్ స్ట్రీట్ స్పెషల్’, ‘యాన్సీ స్టాంప్’ వాయించాడు.

యాన్సీ వాయింపులో ఆర్భాటం లేదు. ఎడమచేతి నడక పాటకో తీరుగా ఉంటుంది. కొన్నిట్లో హబనేరా అనే క్యూబా నాట్య లయ తొంగిచూస్తుంది. కుడిచెయ్యి చాలా పొదుపరి. ఏ శ్రుతిలో ఎత్తుకున్నా చివరికి ఈ-ఫ్లాట్‌లో ముగించడం ఆయన అలవాటు. దీన్నొక వింతగా చెప్పి వదిలెయ్యకుండా, ఒక్కో రికార్డూ పట్టుకుని ఆ ముగింపు చెవికెలా తగులుతుందో రచయిత రాశాడు. ఎన్నోసార్లు విన్నవాడు రాయగల మాటలవి. పుస్తకంలో మేలైన పేజీలు అవే.

1951 జూలైలో అట్లాంటిక్ కంపెనీకి చివరి రికార్డింగ్. భార్య ఎస్టెల్లా, అందరికీ ‘మామా’ యాన్సీ, పాడింది. ఇజ్రాయెల్ క్రాస్బీ బేస్ వాయించాడు. మధుమేహంతో ఒళ్లు చెడిన యాన్సీ సెప్టెంబర్ 17న కన్నుమూశాడు. రచయిత ఇక్కడ కన్నీళ్లు పిండలేదు, ఆ పాటల గురించి మాత్రమే రాశాడు.

మలి ముద్రణలో రికార్డుల పట్టిక తప్పక చేర్చాలని అతనికి నా సలహా. పాఠకులకు నా విన్నపం: 1951 నాటి ఆ పాటలు వినకుండా చివరి అధ్యాయం తెరవకండి.