ముల్లు కదిలిందా, లేదా?

పాత బుల్లెట్టు హెడ్‌లైటు డూము మీద, స్పీడోమీటరు దగ్గర్లో, చిన్న గుండ్రటి మీటరు ఒకటి ఉంటుంది. మధ్యలో సున్నా, ఒక పక్క ప్లస్, ఇంకో పక్క మైనస్. బండి నడిపేవాళ్ళలో చాలామంది దాని వంక చూడనే చూడరు. బండి స్టార్టు కాకపోతే ముందుగా చూడాల్సింది దాన్నే. స్పానరు పట్టకముందే, ప్లగ్గు విప్పకముందే, సగం జబ్బును ఆ యాంపియర్ మీటరు ముల్లు బయటపెడుతుంది. ఇంత తక్కువ ఖర్చులో ఇంత మేలు చేసే పరికరం మోటారు సైకిలు మీద నాకు మరొకటి కనబడలేదు.

1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. అప్పటి నుంచి దశాబ్దాల పాటు 350 బుల్లెట్టు ఇంజను మూలరూపం మారలేదు. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., 346 సీసీ. ఉన్నది ఒకటే సిలిండరు కాబట్టి స్పార్కు తప్పితే ఇంజనును లాక్కుపోవడానికి పక్కన ఇంకొకటి లేదు. ఆ స్పార్కును పుట్టించే పాయింట్లు ఇంజను కుడి పక్కన ఒక చిన్న మూత వెనకే ఉంటాయి. మూత తీస్తే చాలు, జరిగేదంతా కంటికి కనిపిస్తుంది.

పరీక్ష ఇలా మొదలవుతుంది. లైట్లన్నీ ఆపి, తాళం తిప్పి, కిక్కరును పాదంతో మెల్లగా నొక్కుతూ పోవాలి. పాయింట్లు మూసుకోగానే బ్యాటరీ కరెంటు కాయిల్లోకి పారుతుంది, ముల్లు మైనస్ వైపు ఒరుగుతుంది. పాయింట్లు విడగానే సున్నాకు తిరిగొస్తుంది. ముల్లు అలా పోయి వస్తుంటే బ్యాటరీ, ఫ్యూజు, తాళం, కాయిల్ మొదటి చుట్టు, పాయింట్లు ఇవన్నీ ఒక్క దెబ్బకు పాసైనట్టే. అసలు కదలకపోతే కరెంటు దారి ఎక్కడో తెగింది. బ్యాటరీ అడుగంటి ఉండొచ్చు, వైరు ఊడి ఉండొచ్చు, పాయింట్ల మీద నూనె చేరి ఉండొచ్చు. మైనస్‌లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయిందంటే పాయింట్లు విడటం లేదు, లేదా కరెంటు వాటిని దాటి నేరుగా బాడీకి పోతోంది. పాయింట్లు మార్చేటప్పుడు చిన్న ఫైబరు వాషరును తప్పుచోట వేస్తే జరిగేది సరిగ్గా ఇదే. కండెన్సరు లోపల షార్టయినా ముల్లు ఇదే మాట చెబుతుంది.

కండెన్సరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కాయిల్లో కరెంటు పారుతున్నంతసేపూ ప్లగ్గు దగ్గర ఏమీ జరగదు. ఆ పారకం ఠక్కున ఆగినప్పుడే కాయిల్లోని అయస్కాంత బలం కూలి, రెండో చుట్టులో వేల వోల్టులు పుడతాయి. కానీ పారుతున్న కరెంటు అంత తేలిగ్గా ఆగదు. విడుతున్న పాయింట్ల సందులోంచి దూకాలని చూస్తుంది. అలా దూకబోయే కరెంటును చిటికెన వేలంత కండెన్సరు తనలోకి తీసుకుంటుంది. అది బలహీనపడితే నిప్పు ప్లగ్గు దగ్గర కాకుండా పాయింట్ల మధ్య లేస్తుంది. చీకట్లో మూత తీసి కిక్కు కొడితే ఆ నిప్పు స్పష్టంగా కనిపిస్తుంది, ప్లగ్గు దగ్గర మాత్రం పసుపుపచ్చటి నీరసపు స్పార్కే వస్తుంది. అనుభవమున్న మెకానిక్ పాయింట్ల ముఖం చూసే సంగతి పట్టేస్తాడు: ఒకదాని మీద గుంట, రెండోదాని మీద మొటిమ. దాన్ని గీకి నున్నగా చేసి, కండెన్సరు మార్చకుండా బండి ఇచ్చేస్తే అది నెల తిరక్కుండానే మళ్ళీ షెడ్డుకొస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోయి, అరగంట నీడన నిలబెడితే మళ్ళీ అందుకునే బండిలో ముందు అనుమానించాల్సినవి కండెన్సరు, కాయిల్.

ఇక టైమింగ్. మంచి చేతి పనంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది. ముందు ఫీలర్ గేజితో పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టాలి. ఆ తర్వాత కంప్రెషన్ మీద పిస్టను పైకొచ్చి, కొసకు ఇంకా 0.8 మి.మీ. దూరంలో ఉండగా పాయింట్లు సరిగ్గా అప్పుడే విడటం మొదలవ్వాలి. అదెలా తెలుస్తుంది? పాయింట్ల మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి, మునివేళ్ళతో లాగీలాగనట్టు పట్టుకుని పాయింట్లున్న ప్లేటును జరుపుతారు. పట్టు సడలి కాగితం జారిన చోటే అసలు చోటు. అదే క్షణంలో ముల్లు కూడా సున్నాకు దూకుతుంది. వేలి స్పర్శ చెప్పినదాన్ని కన్ను సరిచూసుకుంటుంది. తూకం తెలిసిన కంసాలి పనిలాంటి పని ఇది. ప్లేటు కింద చిన్న బరువులు, స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపేవి అవే. స్ప్రింగు సాగిపోయినా, బరువులు తుప్పు పట్టి తెరుచుకునే ఉండిపోయినా స్పార్కు మరీ ముందే వస్తుంది, కిక్కరు ఎదురు తిరిగి కాలిని కొడుతుంది. పాత బుల్లెట్టు రిటర్న్ కొడుతోందంటే తప్పు తొక్కేవాడిదేనని తేల్చేయకుండా ఈ బరువులను ఒకసారి శుభ్రం చేసి చూడమంటాను.

తొక్కే పద్ధతికీ ఆ ముల్లే దారి చూపిస్తుంది. కిక్కరు గట్టిగా అడ్డుపడి, ముల్లు సున్నాలో నిలిచిన చోట, సిలిండరులోని ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషర్ లీవరు నొక్కి కొంచెం దింపాలి. లీవరు వదిలి, కిక్కరును పైకి రానిచ్చి, అప్పుడు ఒకే ఊపున చివరిదాకా తొక్కాలి. పిస్టను అప్పటికే కొస దాటి ఉంటుంది కనుక తర్వాతి కంప్రెషన్ వచ్చేలోపు ఫ్లైవీలు వేగం అందుకుంటుంది. దీనికి ఒంటి బలం పెద్దగా అక్కర్లేదు. సన్నగా ఉండే మనిషి కూడా హాయిగా స్టార్టు చేయగలడు.

ముల్లు బాగానే ఆడుతోంది, స్పార్కు నీలంగా చిటపటమంటోంది, అయినా బండి పలకడం లేదంటే అప్పుడు ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, పొడిగా ఉంటే అసలు అందడం లేదు. కార్బురేటరు జోలికి వెళ్ళాల్సింది అప్పుడే. మొదట్లోనే దాన్ని విప్పి కూర్చునే మెకానిక్‌కు నేనైతే బండి ఇవ్వను.

తర్వాతి కాలంలో పాయింట్ల చోట ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. దాంతో గ్యాపు పెట్టే పని తప్పింది, అది మేలే. కానీ ఆ ఎలక్ట్రానిక్ పెట్టె చెడితే దారిలో బాగుచేసుకునే వీలు లేదు. అందుకని పాయింట్ల బండి బాగా నడుస్తున్నవాళ్ళు తొందరపడి మార్పించవద్దనే చెబుతాను. ఒక జత పాయింట్లు, ఒక కండెన్సరు, ఒక ఫీలర్ గేజి, చిన్న స్క్రూడ్రైవరు: ఇవన్నీ కలిపినా టూల్‌బాక్సులో ఒక మూలకు సరిపోతాయి.