నాటినవాడు, నీళ్లు మోసినవాళ్లు

జాఁ జియోనో 'చెట్లు నాటిన మనిషి' పట్టుమని ముప్పై పేజీలు లేని కథ. 1953లో ఫ్రెంచిలో రాశాడు. ఫ్రెడెరిక్ బాక్ కెనడాలో దాన్ని యానిమేషన్ సినిమాగా తీస్తే ఆస్కార్ వచ్చింది. సామాన్యుడి ఓపిక లోకాన్ని ఎలా మారుస్తుందో చెప్పాల్సి వస్తే చాలామంది ముందుగా ఎత్తుకునే కథ ఇదే. దీని పక్కన నిజంగా జరిగిన ఒక బతుకుని పెట్టి చదివితే ఏమవుతుందో చూద్దాం. ఆ బతుకు కర్ణాటకలోని మాగడి తాలూకా హులికల్ గ్రామానికి చెందిన సాలుమరద తిమ్మక్కది.

ముందు కథ. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ప్రొవాన్స్ కొండల్లో కాలినడకన తిరుగుతున్న ఒక కుర్రాడు నీళ్లు దొరకక అల్లాడుతుంటే ఎల్జెయార్ బుఫియే అనే గొర్రెల కాపరి ఎదురవుతాడు. వయసు యాభై దాటింది. భార్యా లేదు, ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. రాత్రి దీపం ముందు కూర్చుని ఓక్ గింజల్ని ఒక్కొక్కటీ పట్టి చూసి, పగుళ్లున్నవి పక్కన పెట్టి, మంచివి వంద ఏరుకుంటాడు. పొద్దున్నే వాటిని నీళ్లలో ముంచి, కొండెక్కి, ఇనుప కడ్డీతో నేల పొడిచి ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసి పూడుస్తాడు. అప్పటికే మూడేళ్లలో లక్ష వేశాడు. ఇరవై వేలు మొలిచాయి. వాటిలోనూ సగం పోతాయని ముందే లెక్క కట్టుకున్నాడు. మిగిలేవి పది వేలు. రెండు మహాయుద్ధాలు వచ్చి పోయినా ఆయన పని ఆగలేదు. ఎండిన వాగులు పారాయి, పాడుబడ్డ ఊళ్లలో మళ్లీ పొయ్యిలు వెలిగాయి. 1947లో బానోన్ ఊరి వృద్ధాశ్రమంలో ఆయన కన్నుమూశాడు.

ఇక తిమ్మక్క. చదువు లేదు, కూలి పని. భర్త చిక్కయ్యదీ కూలి బతుకే. పిల్లలు కలగలేదు. తమ ప్రాంతంలో ఉన్న మర్రి చెట్ల నుంచి మొక్కలు కట్టి, హులికల్ నుంచి కుదూరు వెళ్లే దారి పక్కన నాటడం మొదలుపెట్టారు. మొదటి ఏడు పది, రెండో ఏడు పదిహేను, మూడో ఏడు ఇరవై. నాలుగు కిలోమీటర్లు బిందెలతో నీళ్లు మోసి పోశారు. పశువులు నోరు పెట్టకుండా చుట్టూ ముళ్లకంప కట్టారు. అలా నిలిచినవి 385 మర్రి చెట్లు. సాలుమరద అంటే చెట్ల వరుస, కన్నడిగులు ఆమెకి ఇచ్చుకున్న ఇంటిపేరు. చిక్కయ్య 1991లో పోయారు. తిమ్మక్కకి 2019లో పద్మశ్రీ వచ్చింది. 2025 నవంబర్ 14న, 114 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

అక్కడ మూడేళ్లకి లక్ష, ఇక్కడ మూడేళ్లకి నలభై అయిదు. పైపైన చూస్తే పోలికే దండగనిపిస్తుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే విత్తనం దగ్గరికి వెళ్లాలి. ఓక్ గింజ తన తిండి తాను మూట కట్టుకుని పుడుతుంది. తేమ తగిలితే చాలు, వేరు సూటిగా కిందికి దిగుతుంది. అందుకే దాన్ని నేరుగా నేలలో వేసి వెళ్లిపోయినా కొన్ని బతుకుతాయి. మర్రి గింజ ఆవగింజ కన్నా చిన్నది. పిట్టల రెట్టలో పడి తాటి మట్టల సందునో గుడి గోపురం పగుల్లోనో మొలవడం దాని అలవాటు. రోడ్డు పక్క గట్టి నేలలో మర్రి కావాలంటే కొమ్మకి వేరు పట్టించి, మొక్క చేసి, పాదు తీసి పెట్టాలి. ఆపైన దక్కన్ వాతావరణం. వాన పడే నాలుగైదు నెలలు పోతే ఆకాశం వైపు చూడటమే మిగులుతుంది. తొలకరిలో పెట్టిన మొక్క రెండు మూడు ఎండాకాలాలు గట్టెక్కాలంటే ఎవరో ఒకరు నీళ్లు మోయాలి.

బుఫియే వేసిన గింజ వైపు మళ్లీ చూడక్కర్లేదు. రేపటి వంద గింజలు వేరే చోట. తిమ్మక్క, చిక్కయ్య నిన్న వెళ్లిన మొక్క దగ్గరికే రేపూ వెళ్లాలి, ఎల్లుండీ వెళ్లాలి. నష్టాన్ని చూసే తీరు కూడా ఇక్కడే వేరవుతుంది. ఒక ఏడు బుఫియే పది వేలకు పైగా మేపుల్ మొక్కలు నాటితే అన్నీ చచ్చిపోయాయి. ఆయన కాస్త కుంగి, మరుసటి ఏడు మేపుల్ మానేసి బీచ్ చెట్లకి మళ్లాడు. చాలా గొప్ప నిబ్బరం, ఒప్పుకుంటాను. కానీ పది మొక్కలే పెట్టిన ఇంట్లో ఒకటి వాడితే ఆ నిబ్బరం సరిపోదు. ఆ ఒక్కదాని కోసం ఇంకో బిందె నీళ్లు కావాలి. జియోనో చూపించింది ఓపిక. హులికల్ దంపతులది ఆలనా పాలనా. మన ఉపన్యాసాల్లో రెండూ ఒకటైపోతాయి గాని రెంటికీ చాలా దూరం ఉంది. ఓపికకి వయసు పడుతుంది. ఆలనకి ఒళ్లు అరుగుతుంది.

ఈ తేడా సాహిత్యంతో ఆగిపోదు. 2015లో తెలంగాణలో హరితహారం మొదలైనప్పుడు పెట్టుకున్న లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అది బుఫియే తరహా లెక్క. వేస్తూ పోదాం, బతికినవి బతుకుతాయి. తర్వాత 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలని సర్పంచుల మీద బాధ్యత పెట్టారు. నీళ్లు పోయడానికి పంచాయతీలకి ట్రాక్టర్లు, ట్యాంకర్లు ఇచ్చారు. అది తిమ్మక్క లెక్క. ఎన్ని ఊళ్లలో ఆ లెక్క నిజంగా నడిచిందన్నది వేరే చర్చ. నాటడం పండగ, నీళ్లు పోయడం పని అన్న సంగతి మాత్రం చట్టం గుర్తించింది. అశోకుడు దారుల పక్కన చెట్లు నాటించాడని మనమందరం చిన్నప్పుడు బట్టీపట్టాం. మర్రి చెట్లు నాటించానని ఆయన శాసనంలోనూ ఉంది. నీళ్లెవరు పోశారని ఏ పరీక్షలోనూ అడగలేదు.

శత్రువు మాత్రం రెండు చోట్లా ఒకటే, మేత కోసం వచ్చే నోరు. గొర్రెలు మొక్కల్ని కొరుకుతున్నాయని బుఫియే మందని నాలుగింటికి తగ్గించేసి, వంద తేనెపట్టు పెట్టెలు పెట్టుకున్నాడు. మంద ఆయనది, కొండ మీద అడిగేవాడు లేడు. హులికల్‌లో అది కుదరదు. ఊరి మేకల్ని అమ్ముకోమని కూలి మనిషి ఎవరికి చెబుతుంది? చెప్పినా వినేదెవరు? ముళ్లకంప తప్ప దారి లేదు. ఊరి మధ్య ఉండి, ఊరితో తగువు పడకుండా, ఊరి పశువుల నుంచి మొక్కని కాపాడటం కొండ మీది ఏకాంతం కన్నా కష్టమైన విద్య. జియోనో కథలో ఆ విద్యకి చోటు లేదు. అక్కడ ఊళ్లన్నీ ముందే పాడుబడి ఉన్నాయి, ఉన్న కొద్దిమంది బొగ్గుబట్టీల వాళ్లు ఒకరితో ఒకరు కొట్టుకుచస్తుంటారు. నాయకుడి మంచితనం తెల్లగా కనపడాలని రచయిత చుట్టూ నల్లరంగు పూశాడు. కథ వరకు అది పనికొచ్చింది. మనుషుల పట్ల అది న్యాయం కాదని నా అభిప్రాయం.

భార్యాభర్తల సంగతి మరీ ముఖ్యం. బుఫియేకి జియోనో ఎవరినీ మిగల్చలేదు. తోడు లేని మనిషిగా చేస్తే నీతికథకి బలం వస్తుందని ఆయనకి తెలుసు. నిజజీవితంలో రచయిత లేకపోయినా ఆ కత్తిరింపు జరుగుతూనే ఉంటుంది, ఆ పని పత్రికలు చేస్తాయి. తిమ్మక్కని వృక్షమాత అన్నారు, పిల్లలు లేని తల్లి చెట్లని పిల్లల్లా పెంచుకుందన్నారు. ఆ మాటలో నిజం లేదనను. అయితే దాని కింద చిక్కయ్య భుజం మీది బిందె కనపడకుండా పోయింది. మొక్కలు నాటుతూ తిరిగిన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వాసి వనజీవి రామయ్య విషయంలో ఇదే తిరగబడింది. 2017లో పద్మశ్రీ అందుకున్న రామయ్యగారి పేరు తెలుగునాట తెలియనివాళ్లు తక్కువ. ఆయన వెంట అన్నేళ్లూ ఉన్న జానమ్మగారి పేరు ఎంతమంది చెప్పగలరు? ఒకచోట మొగుడు మాయం, ఒకచోట పెళ్లాం మాయం. పురస్కారానికి ఒక్క పేరే పడుతుంది. నీళ్లు మోయడానికి ఇద్దరు కావాలి.

రామయ్యగారిని తలుచుకుంటే జియోనో కథలో ఇంకో లొసుగు బయటపడుతుంది. బుఫియే మౌని. కథ ముగిసేసరికి ఆయన మాట్లాడే అలవాటే పోగొట్టుకుంటాడు. మంచిపని మౌనంగా జరగాలన్నది జియోనోకి ఇష్టమైన ఊహ. 2025 ఏప్రిల్ 12న కన్నుమూసేదాకా రామయ్యగారు చేసింది అందుకు పూర్తి విరుద్ధం. 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన గుండ్రటి బోర్డు మెడలో వేసుకుని, జేబుల నిండా గింజలతో, కనిపించినవాళ్లందరికీ చెబుతూ తిరిగారు. నవ్వేవాళ్లు నవ్వారు, తీసుకునేవాళ్లు మొక్క తీసుకున్నారు. పనిచేసేవాళ్లు నోరెత్తకూడదన్న నియమం ఎక్కడిది? ఆయన కోటి మొక్కలు నాటారంటారు. ఆ కోటిని జనం గౌరవంగా చెప్పే మాటగానే తీసుకోవాలి. తిమ్మక్క 385 కుదూరు దారిన నడిచి ఎవరైనా వేలు పెట్టి చూపగలిగిన అంకె. విమర్శకుడిగా నాకు రెండోదే నచ్చుతుంది.

రెండు కథలూ ఒక్కచోట మాత్రం అచ్చంగా కలుస్తాయి. తాను గింజలు వేసే నేల ఎవరిదో బుఫియేకి తెలియదు, పట్టించుకోడు. 1935లో ప్రభుత్వ బృందం వచ్చి, అడవి దానంతటదే పుట్టిందనుకుని ముచ్చటపడి, రక్షణలోకి తీసుకుంటుంది. అసలు సంగతి తెలిసిన అటవీ అధికారి ఒకడు ముగ్గురు కాపలాదారుల్ని పెట్టి, బొగ్గువాళ్లు ఎంత సారా పోసినా లొంగకుండా భయపెట్టి ఉంచుతాడు. కథలో నాకు బాగా నచ్చే చమత్కారం ఇది. ఒంటరి మనిషి ఓపికని గురించి అంత రాసిన జియోనో కూడా చివరికి అడవిని నిలబెట్టడానికి ఒక మంచి ఉద్యోగిని తెచ్చుకోక తప్పలేదు. హులికల్‌లోనూ నేల ప్రభుత్వానిదే. 2019లో రోడ్డు వెడల్పు పనుల్లో ఆ మర్రి చెట్లు పోతాయన్నప్పుడు, నూరేళ్లు దాటిన తిమ్మక్క అప్పటి ముఖ్యమంత్రి కుమారస్వామికి, ఉప ముఖ్యమంత్రి పరమేశ్వరకి మొరపెట్టుకున్నారు. చెట్లు కొట్టకుండా వేరే దారి చూస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. పద్మశ్రీ వచ్చిన మనిషి కాబట్టి ఆ మొర వినపడింది. పేరు లేనివాళ్లు నాటిన చెట్లకి ఆ అదృష్టం లేదు.

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు వెళ్లే రోడ్డే అందుకు సాక్ష్యం. వెడల్పు పనులకి ముందు దాని పక్కన తొమ్మిది వందలకు పైగా మర్రి చెట్లుండేవి, నిజాం కాలం నాటివని చెబుతారు. రోడ్డు వెడల్పు కోసం వాటికి గండం వస్తే కొందరు పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడారు. వాళ్లు చేసిందీ నీళ్లు మోయడం లాంటి పనే, బిందెల బదులు ఫైళ్లు. ఆ చెట్లకి మొదటి మూడు ఎండాకాలాలు ఎవరు నీళ్లు పోశారో మాత్రం ఎక్కడా లేదు.

ఇక్కడే జియోనోకి ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఎల్జెయార్ బుఫియే అనే మనిషి లేనే లేడు. ఎన్నటికీ మరిచిపోలేని నిజమైన వ్యక్తి గురించి రాయమని రీడర్స్ డైజెస్ట్ అడిగితే జియోనో ఈ కథ పంపాడు. ఆ పత్రిక వాకబు చేయిస్తే బానోన్‌లో అలాంటివాడెవడూ చనిపోలేదని తేలింది, కథ తిరిగొచ్చింది. 1954లో వోగ్ పత్రిక అచ్చువేసింది. 1957లో ఒక అటవీ అధికారికి రాసిన ఉత్తరంలో జియోనో దాచకుండా చెప్పాడు, ఇది కల్పన, చెట్లు నాటడమంటే జనానికి ఇష్టం కలగాలని రాశాను, దీని మీద పైసా తీసుకోలేదు అని. అబద్ధం కదా అని నేను ఆ కథని తీసిపారేయను. మనుషుల చేత చెట్లు నాటించిన అబద్ధం అది. అయితే నాటాక ఏం చేయాలో అది చెప్పదు. ఆ పాఠానికి హులికల్ దాకా వెళ్లాలి. పిల్లలకి జియోనో కథ చెప్పే ఉపాధ్యాయులు అదే గంటలో తిమ్మక్క, చిక్కయ్యల సంగతి కూడా చెబితేనే పాఠం పూర్తవుతుంది.

లేని మనిషి పేరు ఎన్నో భాషల్లో బతికింది. ఉన్న మనుషుల పేర్లు చేవెళ్ల రోడ్డు మీద చెరిగిపోయాయి. మీ ఊరి దారిలోనో చెరువు గట్టునో పెద్ద చెట్టుంటే, దాన్ని ఎవరు పెట్టారో, ఎవరు నీళ్లు పోశారో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, అడిగి ఆ పేర్లు రాసిపెట్టండి. భార్య పేరూ భర్త పేరూ రెండూ రాయండి.