జవాబిచ్చేవాళ్లు ఎందరు?

గౌడవెల్లిలో ఫోన్‌లో తెలుగు వార్త చదివినా, మేడ్చల్‌లో ఆన్‌లైన్‌లో డబ్బు పంపినా ఆ పని వెనుక ఎక్కడో ఓపెన్‌ సోర్స్‌ కోడ్‌ ఉంటుంది. అది బాగుందా అని అడిగితే చాలామంది డౌన్‌లోడ్‌లు, కోడ్‌ పంచుకునే గిట్‌హబ్‌ సైట్‌లో వచ్చిన స్టార్లు లెక్కపెడతారు. ఆ అంకెలతో తెలిసేది దాని పేరే, ఆరోగ్యం కాదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ అనే ఓపెన్‌ సోర్స్‌ కోడ్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్‌ అనే భద్రతా లోపం బయటపడే నాటికి దాన్ని వాడని పెద్ద సంస్థ అరుదు. దానికి ఏడాదికి అందే విరాళాలు మాత్రం సుమారు 2,000 డాలర్లు.

అందుకే 2017లో లినక్స్‌ ఫౌండేషన్‌ కింద మొదలైన, ఓపెన్‌ సోర్స్‌ ప్రాజెక్టుల ఆరోగ్యాన్ని కొలిచే కేయాస్‌ ప్రాజెక్టు వేరే లెక్కలు చూడమంటుంది. సమస్య చెప్పినవారికి తొలి జవాబు ఎన్నాళ్లకు వస్తోంది? ఎందరు తప్పుకుంటే పని ఆగిపోతుంది? కొత్త కోడ్‌ రావడం లేదు కాబట్టి ప్రాజెక్టు పని అయిపోయిందనుకోవడం తొందరపాటే. 2013లో తయారై, సిలికానాంధ్ర ద్వారా అందరికీ అందిన మండలి అనే తెలుగు ఫాంటునే తీసుకోండి. తెలుగు అక్షరాలు నెలనెలా మారవు, కాబట్టి ఫాంటు ఏళ్లపాటు అలాగే ఉన్నా తప్పులేదు. ఏ కొత్త ఫోన్‌లోనో ఒత్తు చెదిరిందని చెబితే వినేవాళ్లు లేకపోతే మాత్రం అది జబ్బే. ఓపెన్‌ లైసెన్సు సరిదిద్దే హక్కు ఇస్తుంది కానీ సరిదిద్దే మనిషిని ఇవ్వదు.

కొలతలు పెడితే అంకెల కోసమే పని జరుగుతుందని కొందరంటారు. ఆ భయానికి ఆధారం ఉంది. ఎక్స్‌జెడ్‌ అనే కంప్రెషన్‌ సాధనాన్ని లాసె కొలిన్‌ దాదాపు ఒంటరిగా చూసుకునేవాడు. 2022లో కొన్ని ఖాతాలు ఆలస్యాన్ని ఎత్తిచూపి, ఇంకొకరిని చేర్చుకోమని ఆయన మీద ఒత్తిడి తెచ్చాయి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని చెప్పుకున్న ఆయన, చివరికి జియా టాన్‌ అనే పేరుతో వచ్చిన వ్యక్తికి బాధ్యత పంచాడు. ఒక్కరున్న చోట ఇద్దరయ్యారు కాబట్టి లెక్కల్లో ప్రాజెక్టు కోలుకున్నట్టే కనిపించింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్‌ ఫ్రాయిండ్‌ అనే ఇంజినీరు, ఆ కొత్త చేతులు పెట్టిన దొంగదారిని 2024 మార్చి 29న బయటపెట్టాడు.

దీన్నిబట్టి కొలవడం దండగ అనలేం. ఒక్కడిమీదే భారం పడిందని అంకె ముందే చెప్పింది. ఆ మాట విని సాయానికి వెళ్లాల్సింది ఆ కోడ్‌తో లాభపడే సంస్థలు, వెళ్లింది మోసగాడు. జవాబు ఆలస్యమైందని స్వచ్ఛందంగా పనిచేసేవాణ్ణి నిలదీయడానికి ఈ లెక్కలు వాడితే అపకారమే. హైదరాబాద్‌ కంపెనీలు తాము ఆధారపడ్డ ప్రాజెక్టుల జాబితా రాసుకుని, ఒంటరిగా మోస్తున్నవారికి ముందు డబ్బు, తమ ఇంజినీర్ల పనిగంటలు ఇవ్వాలి. కొలిచినందుకు ఫలితం అప్పుడే దక్కుతుంది.